తీగ ఎక్కడ తగులుతోంది

జనవరి 14, సోమవారం

మళ్ళీ షార్ట్.

పొద్దున థెమిస్ ఇంట్లోంచి వెళ్ళేటప్పుడు బాగానే ఉంది. నేనే మీటరు పెట్టి చూశాను. సాయంత్రం రేవునుంచి వచ్చి గొట్టాన్ని బల్లమీద పడేశాడు.

"నీ సైకిల్ పంపు మళ్ళీ చచ్చింది రానియా."

కోటుకి సిగరెట్ వాసన. అడగలేదు.

ఏం చేశానో రాసుకోకపోతే చేసిన పనే మళ్ళీ మళ్ళీ చేస్తున్నాను. నేను పనిచేసే పళ్ళ ల్యాబ్‌లోనూ అంతే కదా. ఎవరి పళ్ళ సెట్టు చిగురుకి ఎక్కడ ఒరుసుకుంటోందో రాసి పెట్టుకోకపోతే, అరగదీయాల్సిన చోటు వదిలేసి పక్కచోటు అరగదీస్తాం. అందుకని ఇవాళ్టి నుంచి రాస్తాను. మొదట్నుంచీ రాస్తాను.

పోయిన వేసవిలో నా మొగుడు థెమిస్ గుండెకి స్టెంట్ వేశారు. ఇక సిగరెట్ ముట్టుకోకూడదన్నారు. చదువుకునే వయసులో పట్టిన సిగరెట్ అది. చేతికి నికోటిన్ పట్టీలు అంటించాడు, గమ్ నమిలాడు, గోడల్ని తన్నాడు. అక్టోబరులో మిల్తోస్ కొట్లో ఈ ఆవిరి గొట్టం కొన్నాం. కింద బ్యాటరీ, పైన చిన్న తొట్టి, తొట్టిలో నికోటిన్ కలిపిన ద్రవం, తొట్టి మీద ఉక్కు పళ్ళెం, ద్రవం పోయడానికి పళ్ళెంలో ఒక కంత. ద్రవాన్ని పైకి పీల్చడానికి ఒక ఒత్తి, ఒత్తి చుట్టూ వెంట్రుకంత తీగ. మీట నొక్కితే తీగ కాగుతుంది, ద్రవం ఆవిరవుతుంది, పొగ తాగినట్టే ఉంటుందట. అది పనిచేసిన రోజు థెమిస్ సిగరెట్ జోలికి పోడు. పనిచేయని రోజు పోతాడు. అంతే సంగతి.

తీగ చుట్టే పని నాది. పళ్ళ సెట్లకి కొక్కేలు వంచి వంచి అరిగిన వేళ్ళు కదా, ఇదో లెక్కా అనుకున్నాను.

తలనొప్పంతా ఒత్తితోనే. అది దూది కాదు, సన్నటి ఉక్కు జాలీ. దాన్ని చుట్టలా చుట్టి, ల్యాబ్‌లో గ్యాస్ మంట మీద నల్లబడేదాకా కాలుస్తాను. ఆ నల్లటి పొరే ఉక్కుకీ తీగకీ మధ్య గోడ. పొర ఎక్కడ లేచిపోయినా కరెంటు తీగవెంట తిరగడం మానేసి అడ్డదారిన ఉక్కులోకి దూరుతుంది. అదే షార్ట్.

ఇవాళ పాత ఒత్తి పారేశాను. కొత్తది కాల్చి, తీగ చుట్టి, మీట నొక్కాను. చుట్లన్నీ కింద్నుంచి పైదాకా ఒకేసారి నారింజ రంగులో వెలిగాయి. ఏ చుట్టూ ముందు కాదు, ఏ చుట్టూ వెనక కాదు. చూడముచ్చటగా ఉంది.

రేపు చూద్దాం.

జనవరి 16, బుధవారం

పొద్దున బాగుంది. సాయంత్రం షార్ట్.

జనవరి 17, గురువారం

అదే.

జాలీ అంచు పీచులు లేచి ఉంటే అవి పొరని చీల్చుకుని తీగకి తగులుతాయని చదివాను. ఇవాళ అంచుల్ని భూతద్దం కింద పెట్టి కత్తిరించాను. ల్యాబ్ యజమాని వెనకనుంచి తొంగిచూసి "ఇది ఏ పన్ను రానియా?" అన్నాడు. "జ్ఞానదంతం" అన్నాను.

జనవరి 19, శనివారం

మిల్తోస్ కొట్టుకి వెళ్ళాను. మిల్తోస్ ఒకప్పుడు ఫ్రిజ్‌లు బాగుచేసేవాడు. ఊళ్ళో ఫ్రిజ్‌లు బాగుచేయించుకునేవాళ్ళు కరువయ్యాక గడ్డం పెంచి ఈ కొట్టు పెట్టాడు. గొట్టం విప్పి భూతద్దం కింద పెట్టుకుని, నాతో కాకుండా దానితోనే మాట్లాడాడు.

"ఏమ్మా, ఎక్కడ నొప్పి? ఒత్తి కంతకి ఆనుకుందా? లేదు. తీగ బిగించే నడిమి మేకు కింద రబ్బరు కరిగిందా? కొంచెం. అక్కా, ఇది మార్చేస్తా. తీగ కొసలు ఒకదానికొకటి తగులుతున్నాయా? లేదు. నువ్వు చుట్టింది నా చుట్టుకన్నా బాగుందక్కా, ఒట్టు."

"మరెందుకు షార్ట్ అవుతోంది?"

మీట నొక్కాడు. వెలిగింది. మళ్ళీ నొక్కాడు. వెలిగింది.

"నీ దగ్గర పనిచేస్తోంది. నా దగ్గర పనిచేస్తోంది. ఆయన దగ్గర పనిచేయట్లేదు. అంటే..."

"సముద్రపు గాలి" అన్నాను.

గడ్డం గోక్కున్నాడు.

"అయ్యుండొచ్చక్కా" అన్నాడు. "ఉప్పు గాలి కదా. అయ్యుండొచ్చు."

రబ్బరు మార్చాడు. తేలిగ్గా అనిపించింది.

జనవరి 20, ఆదివారం

రోజంతా పనిచేసింది! థెమిస్ ఇంట్లోనే ఉన్నాడు. ఖాళీ అయినప్పుడల్లా నేనే ద్రవం పోశాను. పెరట్లో కట్టెలు సర్దుకుంటూ రైలింజను మాదిరి ఆవిరి వదిలాడు. పక్కింటావిడ పెరట్లో కట్టెపొయ్యి వెలిగించామేమో అనుకుంది.

మధ్యాహ్నం కాఫీ పెట్టాను. ఈ మధ్య కప్పు నిండా పొయ్యొద్దంటున్నాడు. సగం చాలట, గుండెకి మంచిదట. నేను చెబితే ఏనాడూ వినని మనిషి, ఇప్పుడు తనంతట తానే తగ్గించుకున్నాడు. మంచిదే.

జనవరి 21, సోమవారం

రేవుకు వెళ్ళాడు. షార్ట్.

కాబట్టి సముద్రపు గాలే.

జనవరి 24, గురువారం

థెమిస్ చెల్లెలు స్తమో వచ్చింది. తలుపు తీసేలోపే మాట మొదలుపెట్టే మనిషి. నేను గాలి సంగతి చెప్పాను.

"అయితే దానికో స్వెటర్ అల్లుతా వదినా" అంది.

"దేనికి?"

"గొట్టానికి. మా ఆయన బాబిస్ కీళ్ళకి అల్లలేదూ? నీలం ఉన్ని మిగిలింది."

అల్లింది కూడా. కూర్చున్న చోటే అల్లింది. థెమిస్ సాయంత్రం వచ్చి ఆ నీలం తొడుగు చూసి, "దీనికి టోపీ ఏదే? చెవులకి చలెయ్యదూ?" అని చెల్లెల్ని ఏడిపించాడు. ముగ్గురం నవ్వుకున్నాం.

స్తమో వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది. "అన్నయ్య గడ్డం కింద ఆ గాట్లేంటి వదినా?"

"కొత్త బ్లేడ్లు బాగాలేవు" అన్నాను.

నిజంగానే బాగాలేవు. ఇంకో రకం తేవాలి.

జనవరి 28, సోమవారం

స్వెటర్ వేసుకున్న గొట్టం కూడా షార్ట్.

ఒత్తిని ద్రవంలో ముంచి కాల్చడం, మళ్ళీ ముంచి మళ్ళీ కాల్చడం. ఇలా చేస్తే పొర గట్టిపడుతుందట. ల్యాబ్‌లో మధ్యాహ్నం విరామమంతా దానికే పోయింది. కాలిన చక్కెర వాసన. భోజనం చేయలేదు. వేళ్ళు ఊరుకోవడం లేదు, ఏదో ఒకటి వంచాలి, కాల్చాలి. నేను సిగరెట్ మానిన మనిషిలా ఉన్నాను.

ఫిబ్రవరి 1, శుక్రవారం

చేపల బజార్లో కెప్టెన్ యోర్దానిస్ కనిపించాడు. థెమిస్ పడవలమీద పేర్లు రాస్తాడు కదా, ఈ రేవులో పాత పడవల పేర్లలో సగం ఆయన చేతిరాతే. యోర్దానిస్ పడవకి కొత్త రంగు వేసి నెల కావస్తోంది. పేరు మాత్రం ఇంకా రాయలేదు.

"మీ ఆయన ఎప్పుడు మొదలుపెడతాడమ్మాయ్? పేరు లేని పడవ ఎక్కాలంటే మా వాళ్ళు భయపడుతున్నారు. చేపలు కూడా నవ్వుతున్నాయి."

"మీరే వాయిదా వేశారని చెప్పాడే?"

ముసలాయన చేతిలో చేపని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"ఆఁ" అన్నాడు. "అవునవును. నేనే అన్నాను కాబోలు."

వయసైపోయింది పాపం. మతిమరుపు.

ఫిబ్రవరి 4, సోమవారం

కొత్త బ్లేడ్లు తెచ్చాను. కొత్త తీగ కూడా తెచ్చాను, ఇంకొంచెం మందంది.

ఫిబ్రవరి 6, బుధవారం

షార్ట్. మందం తీగ కూడా.

చొక్కాలు ఇస్త్రీ చేసి బీరువాలో పెడుతున్నాను, అవి అక్కడే ఉంటున్నాయి. చలికాలమంతా స్వెటర్లే. తలమీంచి తొడుక్కుంటే అయిపోతుంది, గుండీల గొడవ ఉండదంటాడు. నిజమే.

ఫిబ్రవరి 10, ఆదివారం

రాయడానికి ఇప్పుడు కాస్త కుదుటపడ్డాను.

ఇవాళ బాబిస్ నామదినం, అతని పేరున్న సెయింటు పండుగ. మధ్యాహ్నం స్తమో ఇంట్లో భోజనాలు. బల్ల నిండా ఎండ్రకాయలు, వేయించిన చిన్న చేపలు, సీపురో సారా సీసాలు. థెమిస్ హుషారుగా ఉన్నాడు. బాల్కనీలోకి వెళ్ళి గొట్టంలో ద్రవం పోసుకుని వచ్చాడు. నేను పోస్తానంటే "నేనేం పసివాణ్ణా?" అన్నాడు. రెండు దమ్ములు పీల్చి ప్యాంటు జేబులో పెట్టుకున్నాడు. మీట దానంతటదే నొక్కుకోకుండా వేసే గడియ వేయలేదు.

బాబిస్ ఏదో కథ చెబుతున్నాడు. థెమిస్ కుర్చీలో కదిలాడు. మళ్ళీ కదిలాడు.

"కుర్చీలో చీమలున్నాయా అన్నయ్యా?" అంది స్తమో.

అప్పుడు బుస్సుమని చప్పుడైంది, సోడా సీసా తీసినట్టు. జేబులోంచి తెల్లటి పొగ. థెమిస్ లేచి ఎగురుతున్నాడు, జేబులో చెయ్యిపెట్టలేకపోతున్నాడు, కుర్చీ పడింది, సీసా పడింది. స్తమో "మంటలు! మంటలు!" అని అరుస్తూ నీళ్ళ కూజా అందుకుంది.

"నీళ్ళొద్దు!" అని అరిచాను. బల్లమీది రొట్టె బట్ట లాగి, ప్యాంటు జేబుని బయటికి తిరగేసి, గొట్టాన్ని బట్టతో పట్టుకుని బాల్కనీలోకి విసిరాను. బాబిస్ తులసి కుండీలో పడింది. అక్కడ కూడా కాసేపు బుసలు కొట్టి చల్లారింది.

తొడమీద అరచేతి మేర కమిలింది. బొబ్బలెక్కింది. ఆసుపత్రికి వద్దన్నాడు. నేను ప్యాంటు కత్తిరించి కాలిన చోట చన్నీళ్ళు ధారగా పోస్తూ కూర్చున్నాను. నా చేతులు వణికిపోతున్నాయి. ఆయన వాటినే చూస్తున్నాడు.

"చూడు" అన్నాడు. "అందరికీ వణుకుతాయి."

ఏం మాట అది? నొప్పిలో ఏదో అన్నాడు.

ఇంటికొచ్చాక ఆ గొట్టం విప్పి భూతద్దం కింద పెట్టాను. జాలీ మీద పొర చెక్కుచెదరలేదు. తీగే వంగి ఉంది. పైచుట్లు రెండూ ఒకదానిమీదొకటి పడిపోయి, కాయిల్ మొత్తం పక్కకి ఒరిగి ఉక్కు పళ్ళెం అంచుకి ఆనుకుని ఉంది. దానంతటది అలా వంగదు. గాలికి వంగదు. సూదితో పొడిస్తే వంగుతుంది.

ద్రవం సీసా మూతికి సూది ఉంటుంది.

కావాలనే చేస్తున్నాడు. సిగరెట్ కోసం.

ఫిబ్రవరి 11, సోమవారం

అడిగేశాను. కట్టు మార్చుతూ అడిగాను.

"నువ్వే పాడుచేస్తున్నావు కదూ?"

"దేన్ని?"

"తెలీనట్టు మాట్లాడకు. తీగని సూదితో పొడుస్తున్నావు. పాడైతే సిగరెట్ కాల్చుకోవచ్చు, నన్ననొచ్చు, గొట్టాన్ననొచ్చు. నేను రోజూ భోజనం మానేసి ఆ దిక్కుమాలిన జాలీ కాలుస్తూ కూర్చుంటే, నువ్వు రేవులో కూర్చుని దాన్ని పొడుస్తున్నావు!"

కిటికీలోంచి బయటికి చూశాడు. ఇంకా నా కళ్ళముందే ఉంది, ఆ ముఖంలో తప్పు చేసినవాడి కళ లేదు. ఎంచుకుంటున్నవాడి కళ ఉంది, బజార్లో రెండు వస్తువుల మధ్య నిలబడ్డవాడిలా.

"అవును" అన్నాడు. "నేనే పాడుచేస్తున్నాను. సిగరెట్ లేకుండా ఉండలేకపోతున్నాను. చాలా?"

"చస్తావు థెమిస్."

"చస్తే చస్తాను."

కట్టు సగంలో వదిలేసి లేచి వచ్చేశాను. అబద్ధాలకోరు. పిరికివాడు.

వింత ఏమిటంటే, వచ్చి పడుకోగానే నిద్ర పట్టేసింది, ఇప్పుడే లేచాను. నెలరోజులుగా ఇంత హాయిగా నిద్రపోలేదు. తప్పు ఎక్కడుందో తేలింది కదా, అందుకే అయ్యుంటుంది.

ఫిబ్రవరి 12, మంగళవారం

మాట్లాడుకోవడం లేదు.

ఫిబ్రవరి 13, బుధవారం

మాట్లాడుకోవడం లేదు. స్తమో ఫోను. తీయలేదు.

ఫిబ్రవరి 15, శుక్రవారం

గొట్టం మిగిలిన ముక్కలన్నీ సంచిలో వేసుకుని మిల్తోస్ దగ్గరికి వెళ్ళాను. "ఇవి నువ్వే ఉంచుకో, మాకు అక్కర్లేదు" అన్నాను. జరిగింది చెప్పాను. బ్యాటరీ పేలినందుకు తిడతాననుకున్నాడేమో, ముందు కంగారుపడ్డాడు. తర్వాత కుర్చీ జరిపాడు.

"కూర్చో అక్కా. నాకొకటి అర్థం కాలేదు."

"ఏమిటి?"

"ఆయనకి సిగరెట్ కావాలంటే రేవులో కాల్చుకుంటే సరిపోయె కదా? చూసేదెవరు? దానికి గొట్టం పాడుచేయడమెందుకు? సిగరెట్ దొంగ మధ్యాహ్నం సిగరెట్ కాల్చి, సాయంత్రం ఇంటికొచ్చి నీముందు ఆవిరి ఊదుతాడు, నువ్వు సంతోషిస్తావు. నా దగ్గరికొచ్చే మొగుళ్ళంతా చేసే పని అదేగా. ఇంతమందిలో కావాలని షార్ట్ చేసేవాణ్ణి నేనింకా చూళ్ళేదు."

నేను సంచి దగ్గరికి లాక్కున్నాను.

"కాయిల్ చూపించు" అన్నాడు. చూశాడు. "ఇది ఒక్క పోటు కాదక్కా. చూడు, ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ. సూది పళ్ళెం మీద కూడా గీతలు పెట్టింది. కంత వెతుక్కుంటూ..."

"నాకు పనుంది మిల్తోస్" అని లేచాను.

సంచి అక్కడే వదిలేద్దామనుకుని వెళ్ళినదాన్ని, చేత్తో పట్టుకుని వచ్చేశాను.

ఫిబ్రవరి 16, శనివారం

రేవుకు వెళ్ళాను. చేపలు కొన్నాను. వచ్చేశాను.

ఫిబ్రవరి 17, ఆదివారం

నిన్న రాసింది అబద్ధం కాదు. కానీ మొత్తం రాయలేదు.

చేపల బజారు దాటి పడవలు ఒడ్డుకు లాగే చోటికి వెళ్ళాను. యోర్దానిస్ పడవ దిమ్మెలమీద ఉంది, తెల్లటి రంగుతో మెరుస్తోంది. ముక్కు దగ్గర చెక్కమీద థెమిస్ నిలబడి ఉన్నాడు, నాకు వీపు పెట్టి. కాలిన కాలు పక్కకి చాపుకున్నాడు. కింద ముసలాయన రంగు డబ్బా పట్టుకుని నిలబడ్డాడు, చర్చిలో కొవ్వొత్తి పట్టుకున్న కుర్రాడిలా బుద్ధిగా.

థెమిస్ కుడిచేత్తో కుంచె పట్టుకున్నాడు. ఎడమచేత్తో కుడి మణికట్టుని పట్టుకున్నాడు. ఊపిరి బిగబట్టి కుంచె ఆనించాడు. మొదటి అక్షరం కాలు సగం దాకా వచ్చింది, ఆపైన అదిరింది. గుడ్డతో తుడిచాడు. మళ్ళీ ఆనించాడు. తుడిచాడు. ఆ చోట తెల్ల రంగంతా నీలం మరక అయిపోయింది.

ఒకప్పుడు సిగరెట్ పెదవిమీద వేలాడేసుకుని, ఎవరితోనో వాదిస్తూ, ఒక్క ఊపులో పేరంతా రాసేసేవాడు. నేను ఆ చెయ్యిని చూసే పెళ్ళి చేసుకున్నాను.

యోర్దానిస్ తల తిప్పి నన్ను చూశాడు. గడ్డం కొంచెం పైకెత్తాడు, మా వాళ్ళు వద్దనడానికి ఎత్తినట్టు. వచ్చేశాను.

సగం కప్పు. బ్లేడ్లు. చొక్కాలు. ఉప్పు గాలి.

నాకు తెలియదా? ఎక్కడ ఒరుసుకుంటోందో తెలిసీ పక్కచోటు అరగదీస్తూ కూర్చున్నాను.

తను దొంగనని ఒప్పుకున్నాడు, వణుకుతోందని చెప్పలేక.

ఫిబ్రవరి 18, సోమవారం

ఎలా అడగాలో తెలియడం లేదు. ల్యాబ్‌లో ఒకావిడ ముందుపళ్ళు రెండు విరగ్గొట్టాను.

ఫిబ్రవరి 20, బుధవారం

దేశమంతా సమ్మె. ల్యాబ్ మూసేశారు. బయట ఎండ బాగా కాసింది. వంటింటి బల్ల కిటికీ దగ్గరికి లాగి, మిల్తోస్ దగ్గర్నుంచి తెచ్చిన ముక్కలు పరిచి కొత్త కాయిల్ చుట్టడం మొదలుపెట్టాను. థెమిస్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఇన్నాళ్ళ తర్వాత మొదటి మాట ఆయనదే.

"మళ్ళీ ఎందుకది? నేను పాడుచేస్తానుగా."

"కూర్చో. ఒక పరీక్ష చెయ్యాలి. నువ్వు సాయం పట్టాలి."

కూర్చున్నాడు. తీగ ఒక కొసని నడిమి మేకుకి బిగించాను. రెండో కొసని దేనికీ బిగించకుండా గాల్లో వదిలేశాను. మీటరు ఒక ముల్లు మేకుకి, ఇంకో ముల్లు కింది ఉక్కుకి తగిలించి, మోగే గుర్తుమీద పెట్టాను.

"ఇప్పుడిది మోగకూడదు" అన్నాను. "తీగ ఉక్కుకి తగిలితేనే మోగుతుంది. సరేనా? నువ్వు రేవులో ఎలా పోస్తావో అలా పొయ్యి."

ద్రవం సీసా ఆయన ముందు పెట్టాను.

సీసా వైపు చూశాడు. నా వైపు చూశాడు. లేచి వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు. సీసా తీసుకున్నాడు.

సూది ఒత్తి పక్కన కంత దగ్గరికి వచ్చింది. పళ్ళేనికి తగిలి టిక్కుమంది. జరిగింది. టిక్, టిక్. ఎడమచెయ్యి సాయానికి వచ్చింది. తీగకి తగిలింది.

మీటరు కుయ్‌మంది. ఆగింది. కుయ్, కుయ్. ఆగింది. కుయ్, కుయ్, కుయ్.

ఆయన ఆపలేదు. నేనూ ఆపలేదు. ద్రవం పళ్ళెం మీద, బల్లమీద, వేళ్ళమీద. కాయిల్ ఒరిగిపోయింది. మీటరు ఇక ఆగకుండా ఒకటే కూత. అప్పుడు చెయ్యి చాపి కట్టేశాను.

"నీకెప్పట్నుంచి తెలుసు?" అన్నాడు.

"ఇప్పుడే."

"అబద్ధం."

"అవును."

సీసా పెట్టేసి చేతులు బల్లకింద దాచుకున్నాడు. 

"మా నాన్నకీ ఇంతే" అన్నాడు. "నువ్వు చూళ్ళేదు, నువ్వొచ్చేసరికే పోయాడు. కాఫీ కొట్లో ఆయన్ని గిలక్కాయ అని పిలిచేవాళ్ళు. కప్పు నిండా కావాలని పోసి ఇచ్చేవాళ్ళు. బల్లదాకా ఎన్ని చుక్కలు తెస్తాడో చూడ్డానికి. నేనక్కడే కూర్చుని ఉండేవాణ్ణి. ఒకరోజు నేనూ నవ్వాను రానియా. ఆయన తర్వాత ఆ కొట్టుకి పోలేదు. ఏ కొట్టుకీ పోలేదు. గొళ్ళెం పెట్టుకుని ఇంట్లోనే తిన్నాడు పోయేదాకా."

"సిగరెట్ కోసమని ఎందుకు చెప్పావు?"

"నువ్వే ఇచ్చావుగా ఆ మాట. తేరగా వచ్చింది, తీసుకున్నాను." కొంచెం నవ్వాడు. "సిగరెట్ మానలేనివాడంటే మగాడే. గుండీ పెట్టుకోలేనివాడంటే ఏమిటి?"

"తొడ కాల్చుకున్నవాడు" అన్నాను. "ఇంకొంచెం పైకి కాలుంటే ఆ మగాడు కూడా మిగిలేవాడు కాదు."

నవ్వాడు. ఈసారి నిజంగా నవ్వాడు. బల్లకింద చెయ్యి పెట్టి ఆయన చెయ్యి పట్టుకున్నాను. నా చేతిలో అది గూట్లోంచి పడ్డ పిట్టలా కొట్టుకుంటూనే ఉంది. ఆగలేదు. పట్టుకుంటే ఆగుతుందని ఎందుకనుకున్నానో.

ఫిబ్రవరి 21, గురువారం

నరాల డాక్టరు లారిసా నగరంలో ఉంది. మార్చి అయిదున రమ్మన్నారు.

ఆ జబ్బే అయితే? పేరు రాయను. ఇద్దరం పేరు పలకడం లేదు.

ఫిబ్రవరి 23, శనివారం

మిల్తోస్‌కి విషయం చెప్పాను. తనకి ముందే తెలుసన్న ముఖం పెట్టలేదు, అందుకు ఆ గడ్డాన్ని ముద్దుపెట్టుకోవాలనిపించింది. ఇంకో రకం గొట్టం ఇచ్చాడు. ఉక్కు లేదు, దూది ఒత్తి. పైన ఏదీ తెరవక్కర్లేదు, కింద గరాటులాంటి పెద్ద మూతి. "ద్రవం బకెట్‌తో పోసినా పడుతుందక్కా."

ఫిబ్రవరి 26, మంగళవారం

యోర్దానిస్ పడవ నీళ్ళలో దిగింది. థెమిస్ అతనితో తన నోటితోనే చెప్పాడట, ఇక రాయలేనని, ఇంకొకర్ని చూసుకొమ్మని. ముసలాయన ఒప్పుకోలేదు.

"వంకరగా వస్తే వంకరగానే ఉండనీ. అల మీద ఉన్నప్పుడు చదివేవాళ్ళకి తిన్నగానే కనిపిస్తుంది" అన్నాడట.

పేరు వంకరగానే ఉంది. వెళ్ళి చూశాను. థెమిస్ గట్టుమీద నిలబడి దాన్ని చూసి పళ్ళు కొరుక్కుంటున్నాడు. బాగుందని నేననలేదు. ఆయనతో అక్షరాల విషయంలో అబద్ధం ఆడకూడదు.

మార్చి 2, శనివారం

ఎదురుచూడటం. అలమరలన్నీ సర్దాను. సర్దినవే మళ్ళీ సర్దాను. థెమిస్ పెరట్లో కట్టెలు ఒక మూలనుంచి ఇంకో మూలకి మోశాడు. ఎందుకని అడగలేదు.

మార్చి 5, మంగళవారం

డాక్టరు చిన్నపిల్లలా ఉంది. థెమిస్‌ని నడిపించింది, వేళ్ళు ఆడించమంది, కళ్ళు మూసుకుని ముక్కు పట్టుకోమంది, కాగితం మీద సుడి గీయమంది. థెమిస్ గీసి, కాగితాన్ని దూరంగా పట్టుకుని చూసి, "నా జీవితంలో ఇంత దరిద్రమైన గీత గీయలేదు" అన్నాడు.

మేము భయపడ్డ జబ్బు కాదట. వంశంలో వచ్చే వణుకు. చెయ్యి ఊరికే ఉన్నప్పుడు పెద్దగా ఉండదు, పనిలో పెట్టినా కంగారుపడినా వస్తుంది. ప్రాణం తీసే జబ్బు కాదు. పోయే జబ్బూ కాదు. మాత్రతో కొంత తగ్గొచ్చు, ఏళ్ళు గడిచేకొద్దీ కొంత పెరగొచ్చు. నికోటిన్ కూడా వణుకుని పెంచుతుందని చెప్పింది. థెమిస్ నావైపు చూశాడు. "ఒక్కొక్కటే మానతాను, తొందరపెట్టకు" అన్నాడు.

"మునుపటిలా రాయగలనా?" అని అడిగాడు చివరికి. ఆ ఒక్క మాట అడగడానికే వచ్చినట్టు.

డాక్టరు ఆ సుడి కాగితం తీసుకుని పక్కన పెట్టింది. "మునుపటిలా రాయలేరు" అంది.

తల ఊపాడు. థాంక్స్ చెప్పాడు. బయటికొచ్చి ఆసుపత్రి మెట్లమీద చాలాసేపు కూర్చున్నాడు. నేనూ పక్కనే కూర్చున్నాను. ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, కానీ నాది వేరే ఏడుపు, బతికాడన్న ఏడుపు. ఆయనకి అది వినబడకూడదని అటు తిరిగి ఏడ్చాను.

తర్వాత ఆకలేస్తోందన్నాడు. బస్సుల స్టాండు దగ్గర ఒక పూటకూళ్ళ కొట్టు, మధ్యాహ్నం జనంతో కిక్కిరిసి ఉంది. నేను రొట్టె, మాంసం ముక్కలు చెప్పబోయాను. థెమిస్ వడ్డించే అతన్ని పిలిచి, "పేగుల పులుసు. పెద్ద గిన్నెలో" అన్నాడు.

గిన్నె వచ్చింది, అంచుదాకా నిండుగా. చెంచా ముంచాడు. పైకెత్తాడు. సగం గిన్నెలోనే పడింది, కొంత బల్లమీద, కొంత స్వెటర్ మీద. మిగిలింది నోట్లోకి వెళ్ళింది. మళ్ళీ ముంచాడు. నేను సంచిలోంచి రుమాలు తీశాను. మళ్ళీ సంచిలో పెట్టేశాను.

పక్కబల్ల దగ్గర ఒక లావుపాటాయన నములుతున్నది ఆపి చూస్తున్నాడు.

"ఏం చూస్తున్నావయ్యా?" అన్నాడు థెమిస్. "ఉప్పు ఇటివ్వు."

ఆయన గబుక్కున అందించాడు. థెమిస్ ఉప్పు డబ్బాని గిన్నెమీద పట్టుకున్నాడు. అది దానంతటదే చకచకా రాలింది.

"చూశావా" అన్నాడు నాతో, అందరికీ వినిపించేలా. "దీనికి మాత్రం బ్రహ్మాండంగా పనికొస్తోంది."

లావుపాటాయన ముందు నవ్వాడు, తర్వాత వడ్డించే అతను, తర్వాత నేను. థెమిస్ మా ముఖాలు ఒక్కొక్కటీ చూశాడు, నవ్వు ఎలాంటిదో చూసుకున్నాడు. చూసుకుని తనూ నవ్వాడు.

చివరి చుక్కదాకా తాగాడు. చాలాసేపు పట్టింది. స్వెటర్ ముందంతా పులుసు.

"పద, బస్సు కదిలిపోతుంది" అన్నాను.

"ఇంకో గిన్నె" అని కేకేశాడు.

బస్సు వెళ్ళిపోయింది.